నాలుగు పాత చీరలు

"ఇందులో ఏమేం ఉన్నాయండీ?" అన్నాడు కొరియర్ కొట్లో కుర్రాడు.

"ఆవకాయ, మాగాయ, కందిపొడి, శొంఠిపొడి, నువ్వుండలు, నాలుగు పాత చీరలు" అన్నాను.

అన్నీ తలవంచుకుని కంప్యూటర్లో కొట్టుకుంటూ పోయినవాడు చీరల దగ్గర ఆగి తలెత్తాడు.

"పాతవాండీ?"

"పాతవే."

"ఖరీదెంత వెయ్యమంటారు?"

పాత చీరలకి ఖరీదేమిటి నాయనా, వాటికి వెల లేదన్నాను. వెల లేకపోతే కంప్యూటర్ ఒప్పుకోదన్నాడు. చివరికి వాడే జాలిపడి చీరకి వంద రూపాయల చొప్పున నాలుగొందలు వేశాడు. మా అత్తగారు గనక ఆ మాట వింటే అక్కడే ఆ డబ్బా వెనక్కి తీసుకుపొమ్మని ఉండేవారు.

ఆ చీరల సంగతి చెప్పాలి. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. కిందటేడు, అంటే 2025లో, అక్టోబరు నెలాఖరుకి పురుడు వస్తుందన్నారు. పురిటికి తల్లి వెళ్ళడం ఆనవాయితీ. కానీ మా అత్తగారికి ఎనభై ఆరేళ్ళు. ఆవిణ్ణి ఎవరిమీద వదిలి వెళ్ళను? మావారికి కాఫీ పెట్టడం వచ్చు, అదీ పాలు కాచి ఇస్తే. అందుకని వియ్యపురాలుగారు వెళ్ళారు. నేను రాజమండ్రిలో ఉండిపోయాను. పైకి "ఎవరు వెళ్తేనేం లెండి" అన్నాను గానీ, లోపల ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నా మొహం చూసి మా అత్తగారికి అర్థమైపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ట్రంకుపెట్టె తీయించి అడుగునించి నాలుగు నేతచీరలు బయటికి లాగారు. కొన్నప్పుడు గంజిపెడితే వాటంతట అవి నిలబడేవి. ఇప్పుడు చేత్తో పట్టుకుంటే నీళ్ళలా జారిపోతున్నాయి. అందులో మామిడిపిందెల అంచుది ఒకటుంది. మా అమ్మాయి పుట్టి ఆస్పత్రినించి ఇంటికొచ్చిన రోజున, గుమ్మంలో దాన్ని చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆవిడ కట్టుకున్న చీర అది.

"పసిపిల్లకి కొత్తబట్ట గుచ్చుకుంటుందే అమ్మాయ్. పొత్తిళ్ళకి పెద్దవాళ్ళ పాతచీర ఉండాలి. నువ్వూ వెళ్ళలేవు, నేనూ వెళ్ళలేను. ఇవైనా వెళ్ళనీ" అన్నారు. పనిమనిషిని ముట్టుకోనివ్వకుండా కుంకుడురసంతో ఆవిడే ఉతికి, రెండురోజులు ఎండబెట్టారు.

అలా మొదలైంది.

మొదట పోస్టాఫీసుకే వెళ్ళాను. మా అమ్మ కాలంనించీ మాకదే అలవాటు. భిలాయిలో ఉన్న మా అన్నయ్యకి అమ్మ జంతికలు పంపేది. డబ్బాకి తెల్లగుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టి, కుట్లమీద లక్క కరగపోసి ముద్రలు వేయించేవాళ్ళం. పదిహేను రోజులకి "జంతికలు అందినవి, సగం పొడి అయినవి" అని కార్డు వచ్చేది. నిజానికి పొడి అయిన సగం కూడా వాడు తినేసి ఉండేవాడనుకోండి.

కానీ నేను వెళ్ళిన సమయం మంచిది కాదు. ఎనిమిది వందల డాలర్లలోపు సరుకుని సుంకం లేకుండా పోనిచ్చే పద్ధతిని అమెరికావాళ్ళు ఆగస్టు 29నించి ఎత్తేశారు. వంద డాలర్లలోపు కానుకలకి మినహాయింపు ఉందన్నారు గానీ, ఆ సుంకం ఎవరు వసూలు చెయ్యాలో, ఎలా కట్టాలో తేలక, విమానాలవాళ్ళు తపాలా సంచులు ఎక్కించుకోమన్నారు. దాంతో మన తపాలా శాఖ ఆగస్టు 25నించే అక్కడికి పార్సెళ్ళు తీసుకోవడం ఆపేసింది. రెండు దేశాల పెద్దలు తేల్చుకోవలసిన లెక్కలోకి మా అత్తగారి చీరలు ఎలా వచ్చాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

సరే, కొరియర్ కొట్టు. అక్కడ నేర్చుకున్న విద్య ఇంతా అంతా కాదు. మా డబ్బా కాటాలో తొమ్మిది కిలోలు తూగింది. కుర్రాడు టేపు తీసి పొడుగు నలభై అయిదు, వెడల్పు నలభై, ఎత్తు ముప్ఫై అయిదు సెంటీమీటర్లు అని కొలిచి, మూడూ హెచ్చవేసి అయిదువేలతో భాగించి "పన్నెండున్నర దాటిందండీ, పదమూడు కిలోలకి కట్టాలి" అన్నాడు. విమానంలో చోటుకి కూడా బరువుంటుందట. కిలో ఎనిమిదివందల యాభై లెక్కన పదకొండువేల యాభై రూపాయలు. అందులో నాలుగు కిలోలు ఉత్త గాలి! డబ్బా ఎప్పుడూ సరుక్కి సరిపడా చిన్నది ఎంచుకోవాలని తెలిసింది. మీకూ పనికొస్తుందని చెప్తున్నాను.

ఒక్కదానికి మాత్రం సంతోషించాను. "ఇంట్లో చేసినవా, కొన్నవాండీ?" అని అడిగాడు. ఇంట్లో చేసి సొంతవాళ్ళకి కానుకగా పంపే తిండికైతే అమెరికాలో ముందుగా నోటీసు ఇవ్వక్కర్లేదట, కొన్న మిఠాయిలకైతే ఇవ్వాలట. ముప్ఫై అయిదేళ్ళుగా వంటింట్లో నేను చేసేదానికి మొదటిసారి గుర్తింపునిచ్చింది అమెరికా ప్రభుత్వం.

ఆ సంతోషంలో చీర మడతల్లో దాచిన నాలుగు కరివేపాకు రెమ్మల సంగతి మరిచాను. వాడు తీసి బల్లమీద పెట్టాడు. పచ్చి కరివేపాకు అక్కడ నిషేధం. కరివేపాకూ నిమ్మా నారింజా ఒక కుటుంబంవే. ఆకుమీద ఉండే చిన్నపురుగు వాళ్ళ నారింజతోటలకి తెగులు అంటిస్తుందని భయం. మా పక్కింటి పిన్నిగారు దుబాయిలో కొడుక్కి గసగసాలు పంపబోతే ఇలాగే ఆపారు. అక్కడ అది ఏకంగా మత్తుమందుల కింద లెక్క. కుర్మాలో వేసుకునేదాంతో జైలుకి వెళ్ళవచ్చని ఆవిడకి ఆరోజే తెలిసింది.

మొత్తానికి ఆధార్ నకలు ఇచ్చి, డబ్బు కట్టి, సెప్టెంబరు 4న పార్సెల్ పంపాను. పదిరోజుల్లో చేరుతుందన్నాడు.

మావారికి అప్పణ్ణించి ఫోనులో ట్రాకింగ్ చూడటం సంధ్యావందనం అయిపోయింది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. హైదరాబాద్ చేరింది. హైదరాబాద్‌లోనే ఉంది. ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. పదకొండోరోజున "ఇదేమిటోయ్, మన డబ్బా పదకొండు కిలోల రెండొందలని చూపిస్తోంది! తొమ్మిదే కదా పంపాం?" అన్నారు.

"ఆవకాయ ఊరి ఉంటుంది లెండి" అన్నాను.

చూశారా, ఆడవాళ్ళు హాస్యమాడకూడని వేళలు కొన్నుంటాయి. అప్పుడే అనుమానించి ఆ కాగితం పట్టుకుని కొట్టుకి పరిగెత్తి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

తర్వాత న్యూయార్క్ చేరింది. కస్టమ్స్‌లో పడింది. "క్లియరెన్స్ ఇన్ ప్రోగ్రెస్" అనే మాట మూడువారాలు కదలలేదు. కొట్లో కుర్రాణ్ణి అడిగితే హైదరాబాద్‌లో అడగమన్నాడు. హైదరాబాద్ ఫోను చేస్తే ఒకమ్మాయి కంప్లైంట్ నంబరిచ్చి ఇరవైనాలుగు గంటల్లో చెప్తామంది. మర్నాడు ఇంకో అమ్మాయి ఇంకో నంబరిచ్చింది. నా దగ్గర ఆరు నంబర్లు పోగయ్యాయి. కొత్త సుంకాల మూలంగా అక్కడ అందరి డబ్బాలూ ఆగిపోయాయని, మనదొక్కటే కాదని ఓదార్చారు. పొద్దున్న లేవగానే మా అత్తగారు "చీరలు చేరాయిటే?" అనేవారు. మొదట్లో "ఇంకా లేదు" అనేదాన్ని. తర్వాత్తర్వాత "దగ్గరికొచ్చాయి" అనేదాన్ని. పెద్దావిడతో అబద్ధమాడానని అనుకోకండి, న్యూయార్క్ న్యూజెర్సీకి దగ్గరే.

అక్టోబరు 9న "డెలివర్డ్" అని వచ్చింది. మావారు పెరట్లోంచి కేకేశారు. అమ్మాయికి ఫోను చేస్తే దాని గొంతు వింతగా ఉంది.

"అమ్మా, గోంగూర పంపుతున్నానని చెప్పలేదేం? చాలా బాగుంది. సగం సీసా తినేశాను. కానీ చీరలేవీ లేవేమిటి? బ్రహ్మచారి కుర్రాడు కట్టుకునే లుంగీలు నాలుగున్నాయి!"

నాకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. నేను గోంగూర పంపలేదు.

మీదున్న చీటీమీద పేరూ ఊరూ మా అమ్మాయివే. లోపల డబ్బా మాత్రం మాది కాదు. ఇక్కడ కొట్టువాళ్ళు వాళ్ళ నంబరు చీటీ ఒకటి వేస్తారు. విమానం ఎక్కే అసలు బిల్లు హైదరాబాద్‌లో అతికిస్తారు. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు ఒకేరకం డబ్బాలమీద చీటీలు తారుమారయ్యాయి. కొరియర్‌వాళ్ళకి చెబితే "మీ పార్సెల్ డెలివర్ అయిపోయింది కదండీ" అన్నారు. వాళ్ళ పుస్తకంలో తప్పేమీ లేదు. మహా అయితే ప్రకటించిన ఖరీదు ఇస్తారట. చీరలకి నాలుగువందలు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అత్తగారికేం చెప్పను? ఆవకాయ పోతే పోనీ, మళ్ళీ ఏడు మళ్ళీ కలుపుకుంటాం. ఆ చీర మళ్ళీ నెయ్యలేం కదా.

తెల్లవారుతుండగా అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. ఆ డబ్బా అడుగున, కందిపొడి పొట్లం కింద ఒక అట్టముక్క ఉందిట. దానిమీద గుండ్రటి అక్షరాలతో పంపేవారి ఊరు, ఫోను నంబరు, చేరవలసినవారి చిరునామా రాసి ఉన్నాయి. పంపినావిడది తణుకు. కొడుకు ఉండేది డల్లాస్. పైచీటీ చిరిగిపోయినా లోపలి చీటీ దారి చెబుతుందని పాతకాలంలో పార్సెల్ లోపల కూడా చిరునామా పెట్టేవాళ్ళం, గుర్తుందా? నేను మరిచిపోయాను. ఆవిడ మరవలేదు.

ఏడు గంటలు ఎప్పుడవుతుందా అని కూర్చుని ఫోను చేశాను. విషయం వినగానే ఆవిడ పకపకా నవ్వారు.

"అయ్యో వదినగారూ, ఇప్పుడర్థమైంది! వారంరోజుల కిందట మావాడు ఫోను చేసి 'ఈసారి ఆవకాయలో కారం తగ్గిందేమే అమ్మా' అన్నాడండీ. నేను పంపింది గోంగూర. వీడికి ఆవకాయకీ గోంగూరకీ తేడా తెలియకుండా పోయిందే అని బెంగపెట్టుకున్నాను!"

నా ఆవకాయలో కారం తగ్గడమేమిటి? ఆ మాట అప్పటికి దిగమింగాను.

"మరి చీరలో?" అన్నాను.

ఆవిడ కొడుక్కి ఫోను చేశారు. ఇటు నేను ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అరగంట పట్టింది. ఆ అరగంటలో మా అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఇంక దాచలేక అంతా చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఫోను మోగింది. ఈసారి ఆవిడ నవ్వడం లేదు.

"ఏమనుకోకండి వదినగారూ. మగపిల్లాడు, వాడికేం తెలుస్తుంది? సీసాలు పగలకుండా నేను పాతగుడ్డలు చుట్టాననుకున్నాడట. ఒకటి చింపి కారు తుడుచుకున్నాడు."

"ఏది?" అన్నారు మా అత్తగారు, ఫోను నా చేతిలోంచి లాక్కుని. "మామిడిపిందెల అంచుది ఉందా లేదా అడగండి."

అయిదు నిమిషాల్లో ఫోటో వచ్చింది. సోఫామీద మూడు చీరలు వరసగా పరిచి ఉన్నాయి. కారు తుడిచింది నీలంచారలది. మధ్యలో మామిడిపిందెలు. మా అత్తగారు ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "నీలంచారలది ఎలాగూ ముతక" అన్నారు.

ఆ పిల్లాడు మంచివాడు. మర్నాడే, శనివారం, తపాలాలో వేశాడు. సోమవారం అక్కడ కొలంబస్ డే సెలవు కావడంతో మళ్ళీ ఆలస్యమైంది. ఈలోగా మా మనవరాలు తొందరపడింది. సరిగ్గా ఆ శనివారంనాడే, అక్టోబరు 11న పుట్టేసింది. ఆస్పత్రివాళ్ళ గులాబీ, నీలం చారల దుప్పటిలో కందగడ్డలా చుట్టిపెట్టిన ఫోటో పంపారు. అత్తగారు చూసి బాగుందన్నారు గానీ, ఆ దుప్పటివంకే చూస్తున్నారు.

15న మన తపాలా శాఖ అమెరికా పార్సెళ్ళు మళ్ళీ మొదలుపెట్టిందని పేపర్లో వేశారు. మావారు ఆ వార్త పైకి చదివి, నా మొహం చూసి, పేపరు మడిచి లోపల పెట్టేశారు.

16న, గురువారం, చీరలు అందాయి. అప్పటికి మాకు రాత్రి పదిన్నర. మామూలుగా మా అత్తగారు ఎనిమిదింటికే పడుకుంటారు. ఆరోజు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఫోను తెరలో మా వియ్యపురాలుగారు మామిడిపిందెల చీర నాలుగుమడతలు వేసి, పసిదాన్ని దానిమీద పడుకోబెట్టారు. అది ఒకసారి ఒళ్ళు విరుచుకుని, పిడికిట్లో అంచు చిక్కించుకుని, మళ్ళీ నిద్రపోయింది.

మేమందరం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. మా అత్తగారు ఏమంటారోనని అందరూ ఎదురుచూస్తున్నారు.

"కుడిచెంగు దగ్గర చిన్న చిరుగుండాలి. అటు మడత లోపలికి పెట్టమను, కాలివేలు ఇరుక్కుంటుంది" అన్నారావిడ. చెప్పి, లేచి వెళ్ళి పడుకున్నారు.

తణుకు వదినగారు తర్వాత రెండుసార్లు మా ఇంటికొచ్చారు. వచ్చినప్పుడల్లా ఒక గోంగూర సీసా తెస్తారు. మా అమ్మాయి తినేసిన సగం సీసాకీ, వాళ్ళబ్బాయి చింపిన చీరకీ చెల్లుకి చెల్లు అనుకున్నాం. ఆవకాయలో కారం సంగతి మాత్రం నేను వదల్లేదు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, వేడన్నంలో కలిపి ముద్ద పెట్టాను. ఒక ముద్ద తిని మంచినీళ్ళు అడిగారు.

మళ్ళీ నెలలో మేమిద్దరం కలిసి పార్సెళ్ళు కట్టబోతున్నాం. అట్టముక్కల మీద చిరునామాలు రాసే పని ఆవిడది. ఈసారి ఆవిడ డబ్బాకి ఎర్రరిబ్బను, నా డబ్బాకి ఆకుపచ్చది.