చేపకి ప్రమాద గీత ఎక్కడ?

జులై వచ్చిందంటే మా ఇంట్లో అందరం ఫోన్లో ఒకే అంకె కోసం చూస్తాం. భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంది? 43 అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మేముండేది ఖమ్మంలో. అత్తయ్య మాత్రం భద్రాచలంలోనే, పల్లపు వీధిలో ఉంటారు. 2022 జులైలో నీళ్ళు 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆవిడ ఒక్క సంచీతో పునరావాస కేంద్రానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి బియ్యం డబ్బా నిండా బురద. మామయ్యగారి ఫోటో నాని ముద్దయిపోయింది. అప్పట్నుంచీ నాకు గోదావరంటే కోపమే.

మొన్న తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో నది మీద ప్రాజెక్టు ఇచ్చారు. వరద అంకెల్ని చార్టు మీద చుక్కలుగా పెట్టింది. 1986లో 75.6, 2022లో 71.3. అడ్డంగా మూడు ఎర్ర గీతలు. "నువ్వు ముగ్గులు బాగా వేస్తావుగా, చుక్కలు కలిపిపెట్టమ్మా" అంది. నేను కలుపుతుంటే అడిగింది, "అమ్మా, చేపకి కూడా ప్రమాద గీత ఇక్కడే ఉంటుందా?"

నా చెయ్యి ఆగిపోయింది. బొచ్చె, శీలావతి లాంటి చేపలు గుడ్లు పెట్టేదే వానాకాలం వరద నీటిలో. మనం సామాన్లు అటక ఎక్కించే రోజులే వాటికి పురుటి రోజులు. వాటి ప్రమాద గీత చార్టుకి అడుగున, ఎండాకాలంలో నీళ్ళు మడుగులుగా విడిపోయే చోట ఉండాలి. ఆ ఎండల్లోనే ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే పిట్టలుంటాయి. వాటికి 43 అడుగులు అక్కర్లేదు. తిన్నె మునిగితే చాలు, గూడు పోయినట్టే.

బి.ఏ. తెలుగులో ప్రబంధాలు చదువుకున్నాను. అందులో నది ఎక్కువగా ఆడదే, సముద్రుడి భార్యే. అదీ మన కళ్ళతో చూసిందే కదా! చేప కళ్ళతో చూడాలని నాకెప్పుడూ తట్టలేదు.

అదే చార్టు మీద చేపకి నీలం గీత, పిట్టకి పసుపు గీత గీశాం. ఆదివారం అత్తయ్య వచ్చారు. ఆవిడ ముందు ఆ చార్టు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. పిల్ల ఆగుతుందా, తెచ్చి ఒళ్ళో పెట్టేసింది. అత్తయ్య చాలాసేపు చూశారు.

"ఈ ఎర్రగీతలు నావి కాదే. ఆ ఏడు మా గోడ వెంట చీమలు గుడ్లు మోసుకుని పైకెక్కాయి. అవి చూసే నేను సంచీ సర్దుకున్నా."

"మరి చీమల గీత ఎక్కడ గీయాలి నానమ్మా?"

"గీతెందుకు, చీమల్నే గీయి."

గీసింది. చార్టు అంచు వెంట, కింది నుంచి పైదాకా చీమల బారు.

గోదావరి మీద కోపం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. కానీ ఈ జులైలో అత్తయ్యకి ఫోన్ చేస్తే నా మొదటి ప్రశ్న అడుగుల గురించి కాదు. "అత్తయ్యా, చీమలు ఎక్కడిదాకా ఎక్కాయి?" అని అడుగుతున్నాను.