పిల్లలు లేని పాఠము

ఈ పాఠశాల గంట మ్రోత వినుచు పెరిగిన మేమిద్దరము, ఒకరము వికారాబాదువారము, ఒకరము తాండూరువారము, ఉపాధ్యాయులము కావలెనను కోరికతో 2019వ సంవత్సరమున ప్రాథమిక విద్యా డిప్లొమాలో చేరితిమి. ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయుడని మా గురువులు కోరగా, మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది మేము చెప్పిన పాఠము గాదు. చెప్పకయే చెప్పితిమని వ్రాసిన పాఠము.

ఛాత్రోపాధ్యాయుడనగా సగము విద్యార్థి, సగము ఉపాధ్యాయుడు. ఆ రెండవ సగము పుస్తకములనుండి రాదు. "సారూ" యని యొక బిడ్డ పిలిచినప్పుడు, పిలిచినది మనలనే యని తోచి తిరిగి చూచుటతో నది మొదలగును. 2020 ఫిబ్రవరిలో ఒక గ్రామ పాఠశాలయందు కొన్ని దినములు వెనుక కూర్చుండి పాఠములు పరిశీలించితిమి. ఒకనాడు అచ్చటి పంతులమ్మగారు మాలో నొకని చేతికి సుద్దముక్క నిచ్చి అయిదు నిమిషములు వెలుపలికి పోయిరి. ఏమి చెప్పితిమో జ్ఞాపకము లేదు గాని కాళ్లు వణకుట మాత్రము జ్ఞాపకమున్నది.

మరుసటి నెల నడుమ కరోనా జాడ్యమువలన తెలంగాణమున బడులన్నియు మూతపడెను. ఆ ఏప్రిలు నాటికి నూట తొంబదికి మించిన దేశములలో, సుమారు 160 కోట్ల విద్యార్థులు బడికి దూరమైరని ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ లెక్క కట్టెను. ఆ లెక్కలో బడికి దూరమైన గురువులు చేరలేదు. ఇంకను గురువులు కాని మావంటివారి మాట చెప్పనేల? రైళ్లు ఆగిపోయినందున వికారాబాదునకును తాండూరునకును నడుమ సెల్లుఫోనే మాకు దారి యయ్యెను.

బోధనాభ్యాసమును ఇంటనే సాగింపవలసి వచ్చెను. బియ్యపు డబ్బాకు ఫోను నానించి, దానివైపు చూచుచు తీసివేతలు బోధించితిమి. "అర్థమైనదా?" యని యడిగి, డబ్బాకు ఆలోచించుటకు వ్యవధి యిచ్చి, "బాగు బాగు" అంటిమి. నవ్వుకొంటిమి గూడ. పాఠ్యపథకములో ఒక ప్రక్క ఉపాధ్యాయుని కృత్యము, వేరొక ప్రక్క విద్యార్థుల ప్రతిస్పందన వ్రాయవలెను. ఆ రెండవ ప్రక్కను గూడ మేమే నింపితిమి. "విద్యార్థులు ఉత్సాహముతో సరియైన సమాధానము చెప్పిరి" అని. ఎన్ని పథకములలో వ్రాసితిమో! మా పిల్లలలో ఒక్కడైనను తప్పు చెప్పలేదు. మార్కులు మంచివే వచ్చెను.

సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారములుగా మూడవ తరగతి మొదలు పదవ తరగతివరకు పాఠములు ప్రసారము చేసిరి. తాండూరులో మా యింట టెలివిజను ఉన్నందున వాడ పిల్లలు వచ్చి చేరిరి. ఒక చిన్నది టెలివిజనులోని ఉపాధ్యాయుడు ప్రశ్న వేయగానే చేయి యెత్తినది; ఎత్తిన చేయి దింపక, కొంతసేపటికి మావైపు తిరిగి, "అన్నా, టీవీల సారు నన్ను జూస్తలేడు" అన్నది. ఒకటి రెండు తరగతుల పసివారికి ఆ ప్రసారమును లేదు. వారిని వాకిట కూర్చుండబెట్టి, పరచిన నాపరాళ్లమీదనే సుద్దతో అక్షరములు దిద్దించితిమి. తాండూరున రాతికి కొదువ లేదు గదా! అయినను వారికి మేము అన్నలమే. "సారు" అని యొక్కరును పిలువలేదు. పిలువుమని యడుగుట మాకు సిగ్గు.

ఇంటనున్న పెద్దలకు వేరొక దిగులు. మా పొరుగున ఒక ప్రైవేటు బడి పంతులు జీతము లేక కూరగాయల బండి పెట్టుకొనెను. 2021 ఏప్రిలులో ప్రభుత్వము అట్టివారికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చినప్పుడు ఆయన మూట భుజముననిడుకొని తలవంచుకొని మా వాకిటిమీదుగా పోయెను. మా తల్లి చూచి, "కొడుకా, గిదేనా నువ్వు సదివే సదువు?" అన్నది. ఆ రాత్రి మేమిద్దరము ఫోనులో చాలసేపు మాటలాడుకొంటిమి. చదువు మానుదమను మాటయు వచ్చినది. మానకుండుటకు గొప్ప కారణమేదియు లేదు. మరునాడు ఉదయమున పిల్లలు వాకిట కూర్చుండి యుండిరి, అంతే.

2021 సెప్టెంబరు 1న బడులు తెరచిన పిమ్మట మమ్ములను ఒక ప్రాథమిక పాఠశాలకు పంపిరి. నాలుగవ తరగతి మాది. ఆ పిల్లలు రెండవ తరగతి ముగియకమునుపే ఇంటికి పోయినవారు. మూడవ తరగతి గది ముఖమే యెరుగరు. మేము మూడంకెల తీసివేతకు చక్కని పథకము వ్రాసికొని పోయితిమి. నల్లబల్లపై 342 అని వ్రాసి, ఇది యెంత యని ముందున్న పిల్లవానిని అడిగితిమి. వాడు లేచి నిలుచుండి, బల్లను చూచి, మమ్ములను చూచి, "తెల్వది సారూ" అనెను.

మా వెనుక నెవరైన ఉన్నారేమోయని ఒక క్షణము తోచెను. ఎవరును లేరు. పథకమును ప్రక్కన బెట్టి, చింతగింజలు తెప్పించి, పది పదిగా కుప్పలు పెట్టించితిమి. గంట కొట్టునప్పటికి అరువది దాక వచ్చితిమి. ఆ సాయంకాలము పథకము పుస్తకములో రెండవ ప్రక్కన, విద్యార్థుల ప్రతిస్పందన యను చోట, వాడన్న ఆ రెండు మాటలే వ్రాసితిమి.