ఏ వేలక్కా తిమ్మిరి?

బండి మార్చాల్సిందేనంటుండాడా మీ చిన్నోడు? చేతులు మొద్దుబారిపోతుండాయి, ఈ స్ప్లెండర్ ఇంక నా వల్ల కాదు, బుల్లెట్టు తీసీమంటుండాడా? లక్షల మాట గదక్కా అది. తొందరపడొద్దు. ఆ దుప్పటి ఆరేసి ఇట్ట గోడకాడికి రా, చెప్తా. మా ఆయన చేసే పనే బండ్లు విప్పి బిగించడం. మా చెల్లెలేమో నెల్లూరులో ఫిజియోథెరపీ చేస్తుంది. ఆదివారం ఇద్దరూ అన్నానికి కూర్చున్నారంటే ఈయన బండి రోగాలు చెప్తాడు, అది మనుషుల రోగాలు చెప్తుంది. వడ్డించేదాన్ని నేను గాబట్టి రెండూ నా చెవిన పడతాయి.

ముందు వాణ్ని ఒకటే అడుగు. ఏ చెయ్యి, ఏ వేళ్లు?

అన్ని వేళ్లూ అంటాడు. ఎవరైనా అట్టనే అంటారు. ఈసారి తిమ్మిరి ఎక్కినప్పుడు బండి పక్కన ఆపి, ఒక్కో వేలూ గిల్లి చూసుకోమను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలిలో ఇటుపక్క సగం, ఇవి మొద్దుబారితే ఒక నరం. చిటికెన వేలు, ఉంగరం వేలిలో అటుపక్క సగం, ఇవైతే ఇంకో నరం. ఒకే వేలిని రెండు నరాలు పంచుకున్నాయంటే నేను నమ్మలా. మా చెల్లెలు నా ఉంగరం వేలి మీద పెన్నుతో గీత గీసి చూపించింది, వంకాయ కూర కలుపుతున్న చేతి మీదే.

మొదటి నరం మణికట్టులో ఒక సన్న దారి గుండా పోతుందంట. ఆ దారిలోనే వేళ్లను ముడిచే తాళ్లలాంటివి, వాళ్లు టెండన్లంటారు, తొమ్మిది పోతాయి. నరంతో కలిపి పది. పండగరోజు నెల్లూరు బస్సు అనుకో. చెయ్యి తిన్నగా ఉన్నంతసేపూ ఎట్టనో సర్దుకుంటాయి. మణికట్టు పైకో కిందికో వంచి, పైగా గట్టిగా పిడికిలి బిగిస్తే లోపల వత్తిడి పెరిగి అన్నిట్లోకీ మెత్తనిది నలుగుతుంది. మెత్తనిది నరమే గదా. కార్పల్ టన్నెల్ అనే పేరు నువ్వూ వినుంటావు, అది ఇదే.

రెండోది చిటికెన వేలు నరం. మోచేతికి గడప తగిలితే జివ్వుమంటుంది చూడు, అదే నరం. అరచేతి మొదట్లో, చిటికెన వేలి పక్కన, పైపైనే ఉంటుందంట. ఒంటి బరువంతా హ్యాండిల్ మీద మోపి కూర్చునేవాళ్లకు ఆడ నొక్కుకుంటుంది. ఇది సైకిలు తొక్కేవాళ్లకూ వస్తుంది, ఇంజిన్ లేకపోయినా. అందుకే నేననేది, బండిని తిట్టబాకండి ముందు.

ఏందీ, ఎడమ చెయ్యేనా? బొటనవేలి వైపేనా? ఆ, ఇప్పుడు దారికొచ్చింది. ఎడమ చెయ్యంటే క్లచ్చు. కుడి చెయ్యంటే యాక్సిలేటర్. వాడు పోయేది పోర్టు రోడ్డు గదా? ఇంక చెప్పేదేముంది. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. ఆ పైన నేలటూరులో థర్మల్ ప్లాంటొచ్చింది, పంటపాళెంలో నూనె ఫ్యాక్టరీలొచ్చినాయి. ఉద్యోగాలొచ్చినాయి, కాదనను, మీవాడి జీతమూ దాంట్లోదే. లారీలూ దాంతోపాటే వచ్చినాయి. లారీ వెనక పడ్డోడు క్లచ్చు పట్టడం, వదలడం, మళ్లా పట్టడం. ఆ బొగ్గుదుమ్ములో ముందు ఏముందో కనపడక బిత్తరపోయి హ్యాండిల్‌ని పీక పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. ఊరికే ఉన్నప్పుడు కూడా రెండు వేళ్లు లివర్ మీదే ఉంటాయి, ఎప్పుడు పట్టాల్సొస్తుందో అని. ఇంటికొచ్చేసరికి ఆ వేళ్లు వాడివి కావు.

ఇంకో సంగతి మా ఆయన చెప్తాడు. మన ఈ సముద్రపు ఒడ్డు ఊళ్లలో క్లచ్ కేబుల్ తొందరగా బిగుసుకుపోతుందంట. ఉప్పుగాలికి లోపల తీగ తుప్పు పడుతుంది. చేపల పెట్టెలు, రొయ్యల ట్రేలు కట్టుకుని తిరిగే బండ్లయితే చెప్పనక్కర్లేదు, ఉప్పునీళ్లు కారి కారి ఇనుమనేదాన్ని తినేస్తాయి. రోజుకి కొంచెం కొంచెంగా బిగుస్తుంది గాబట్టి తోలేవాడికి తెలియదు. కొత్తవాడు పట్టుకుంటే తెలుస్తుంది. మొన్న ఒక బండి షెడ్డుకొస్తే మా ఆయన క్లచ్చు పట్టి చూసి, ఏందబ్బయా, బావిలో చేద లాగుతుండావా నువ్వు అన్నాడు. కేబుల్ మారిస్తే అయ్యే ఖర్చెంతో తెలుసా? బుల్లెట్టు ధర పక్కన పెట్టి చూస్తే చిల్లర డబ్బులే. కొన్నిసార్లు మార్చనక్కర్లేదు, నూనె పోసి లోపలికి దిగనిస్తే చాలు.

లివర్ సంగతి ఇంకా చిత్రం. షోరూములో ఎట్ట బిగించి ఇచ్చారో అట్టనే జన్మంతా తోల్తారు. అది పైకి లేచి ఉంటే మణికట్టు ఎప్పుడూ వెనక్కి వంగే ఉంటుంది. బోల్టు వదులు చేసి, కొంచెం కిందికి తిప్పి బిగిస్తే, సీటు మీద కూర్చుని చెయ్యి చాపినప్పుడు మోచెయ్యి నుంచి వేళ్ల కొస దాకా ఒకే గీతలో ఉంటుంది. స్పానరుతో రెండు నిమిషాల పని. దీనికి మా ఆయన డబ్బులు కూడా తీసుకోడు. తీసుకోమని నేనంటా, వినడు.

గ్రిప్పుల మీద స్పాంజి తొడుగులు వేయించినాడా? నేను చూసినాలే, నల్లగా లావుగా ఉండాయి. అవి అందరికీ పడవక్కా. అదురు కొంచెం తగ్గేది నిజమే. మీవాడివి చిన్న చేతులు, గ్రిప్పు లావయ్యేకొద్దీ ఇంకా గట్టిగా పిసకాల్సొస్తుంది. దాంతో తగ్గింది కాస్తా ఇట్ట పోయింది. రబ్బరు గ్రిప్పు గట్టిపడి నున్నగా అయిపోతే కొత్తది వేయించుకోవాల, అంతే. చేతొడుగులు మంచివే, బిగుతుగా ఉండేవి మాత్రం కాదు. వాచీ పట్టీ కూడా వదులు చేసుకోమను. బొటనవేలి వెనకపక్క తోలు మొద్దుబారితే చాలాసార్లు ఆ పట్టీ పనే.

అదురు లేదని నేననడంలా. ఒకే సిలిండరు బండి అదరక ఏం చేస్తుంది? ఒకే పిస్టను, నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. దాన్ని సరిచూసే రెండోది పక్కన లేదు. మీవాడికి కావాల్సిన బుల్లెట్టూ ఒంటి సిలిండరే గదా! మద్రాసు కాడ తిరువొత్తియూరులో 1950లలోనే మొదలుపెట్టినారు ఆ బండ్లు చేయడం. పాతవాటి మీద పోతే అద్దంలో వెనక లారీ రెండు లారీలుగా కనపడేది. కొత్తవాటిలో అదురుకు ఎదురు అదురు పుట్టించే ఇరుసు ఒకటి పెట్టినారు, 2021లో వచ్చిన క్లాసిక్‌లో ఉందది. మెత్తగా పోతుంది, నిజమే. కానీ పాత బండి సెకండ్ హ్యాండ్‌లో తక్కువకొస్తుందని మీవాడు తెస్తే, ఉన్న తిమ్మిరికి ఇంకో తిమ్మిరి కొన్నట్టే.

ఈ అదురు సంగతి లోకంలో ఎప్పుడో తేల్చినారంట. ఆలిస్ హామిల్టన్ అని అమెరికా డాక్టరమ్మ 1918లో ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫోర్డ్ అనే ఊరి రాతి గనులకు పోయింది. ఆడ గాలితో కొట్టే సుత్తులు వాడేవాళ్లు. చలి పొద్దుల్లో ఆ రాతిపని వాళ్ల వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి, స్పర్శ లేకుండా పోయేవి. ఎడమ చెయ్యి ఎక్కువ చెడింది, ఉలి పట్టేది దాంతోనే గదా. అదురు, చలి, బిగించి పట్టుకోవడం, ఈ మూడూ కలిస్తే అట్ట అవుతుందని ఆవిడ తేల్చి చెప్పింది. తరవాతి సంవత్సరమే హార్వర్డ్‌లో పాఠం చెప్పే మొదటి ఆడమనిషయింది. మన స్ప్లెండర్ అదురు ఆ సుత్తుల ముందు ఏపాటిది! దానికి దగ్గరగా వచ్చేది మన పొలాల్లో పవర్ టిల్లర్, సముద్రం మీద ఫైబర్ బోట్ల లాంగ్ టెయిల్ ఇంజిన్ కర్ర. ఆ కర్ర పట్టుకుని తెల్లార్లూ వేట చేసి వచ్చేవాళ్లు కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటారు. వాళ్ల చేతుల గురించి ఎవరూ ఒక్క మాట అనరు, మనకు మాత్రం పోర్టుకు పోయొచ్చినోడి చెయ్యే పెద్ద కష్టం. సరే, కష్టం కష్టమే.

కాబట్టి బండికి చేయాల్సింది ముందు చేయించు. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు వదులయినాయేమో, చెయిన్ వేలాడుతుందేమో, చక్రం వంకర తిరిగిందేమో, ముందు ఫోర్కు దగ్గర కోన్ సెట్ అరిగిందేమో. టైరులో గాలి మరీ ఎక్కువైనా గుంత గుంతకీ చేతికి తెలుస్తుంది. ఇంకొకటుంది, దీనికి పైసా ఖర్చు లేదు. ఏ స్పీడులో అద్దంలో బొమ్మ చెదిరిపోతుందో చూసుకోమను. ఆ స్పీడులో బండి ఎక్కువ అదురుతున్నట్టు. దానికి కొంచెం కిందో, గేరు మార్చుకునో తోలాల.

వాడు చేయాల్సిందీ ఉంది. తొడలతో ట్యాంకును పట్టుకుని కూర్చోవాల. అప్పుడు ఒంటి బరువు నడుము మీద ఉంటుంది, చేతుల మీద పడదు. మోచేతులు కొంచెం వంగుండాల. హ్యాండిల్ మీద చెయ్యి కోడిపిల్లను పట్టుకున్నట్టు... నవ్వబాకక్కా, మా ఆయన కొత్తగా నేర్చుకునేవాళ్లకు చెప్పే మాటే అది. తిమ్మిరి ఎక్కిందంటే తోల్తూ తోల్తూ ఒక చెయ్యి వదిలి విదిలించడం కాదు, పక్కన ఆపి విదిలించాల. ఒక చేత్తో బండి, ఎదురుగా టిప్పరు, ఏమన్నా బతుకా అది?

బావకు కూడానా? బావ తోలేది ఎక్సెల్ మోపెడ్ గదా, దానికి క్లచ్ లివరే లేదే. రాత్రిపూట వస్తుందా? రెండు చేతులా? కాళ్లు కూడా మంటలా?

అయితే అది బండిది కాదక్కా. బావకు షుగరుండాది గదా, మందులు సరిగ్గా వేసుకుంటుండాడా? షుగరు నరాలను తినడం మొదలుపెడితే మామూలుగా పాదాల నుంచే మొదలు. తరవాత చేతులకొస్తుంది. షుగరున్నవాళ్లకు మణికట్టు దగ్గర నరం నలగడం కూడా ఎక్కువే. మెడ ఎముకలు అరిగినా చేతులు లాగుతాయి, తిమ్మిరెక్కుతాయి. థైరాయిడ్ ఉన్నా అవుతుంది. బి12 తగ్గినా అవుతుంది. అందుకని మెడికల్ షాపులో ఏదో బీ కాంప్లెక్స్ గోలీ అడిగి తెచ్చి మింగించబాక. మూడు నెలల షుగరు పరీక్ష ఒకటుంది, అది చేయించు, బి12 కూడా చూడమను. ఇంట్లో ఇద్దరికీ తిమ్మిరేనని ఇద్దరికీ ఒకే కారణం కట్టబెడితే, వాడికి కొత్త బండొస్తుంది, ఈయనకు మందు రాదు.

ఒక్కటి మాత్రం చెవిన పెట్టుకో. ఉన్నట్టుండి ఒకపక్క చెయ్యి, కాలు పట్టు తప్పి, మూతి పక్కకు పోయి, మాట తడబడితే అది తిమ్మిరి కాదు. నూనె మర్దనా చేసుకుంటా కూర్చోబాకండి, తెల్లారనీ అనబాకండి. వెంటనే 108కి ఫోన్ కొట్టాల. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల్లోపే టైము. ఆ లోపల నెల్లూరు చేరి, స్కాన్ కూడా అయిపోవాల.

చిన్నోడికి అంత భయం లేదులే. ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. రెండు చేతులూ రొమ్ము ముందు పెట్టుకుని, వేళ్లు నేలకు చూసేట్టు మణికట్లు వంచి, చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషం ఉండమను. ఫాలెన్ అనే డాక్టరు పేరు మీదుంది ఆ పరీక్ష. నిమిషంలోపే ఆ వేళ్లు జివ్వుమంటే మణికట్టు దారి ఇరుకైనట్టు అనుమానించాల. అనుమానమే, తీర్పు కాదు. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష డాక్టరు రాస్తాడు. తొలిరోజుల్లో అయితే రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. ముదిరి బొటనవేలి కింద కండ కరిగిపోయిందంటే ఆపరేషనే. చిన్నదే, ఆ ఇరుకు దారి పైకప్పు కోసి వదులు చేస్తారు. కానీ కరిగిన కండ మొత్తం తిరిగొస్తుందని ఎవరూ చెప్పలేరు. అందుకే నెలల తరబడి సాగదీయొద్దనేది.

నువ్వెందుకు చెయ్యి విదిలిస్తుండావు?

ఇందాకట్నుంచి చూస్తుండా. దుప్పటి పిండినప్పుడూ విదిలించినావు, ఇప్పుడూ విదిలిస్తుండావు. రాత్రిళ్లు లేచి కూర్చుంటావా? చెయ్యి మంచం మీద నుంచి కిందికి వేలాడేసుకుంటే నిమ్మళిస్తుందా? రొయ్యల షెడ్డులో ఐసు మీద తలకాయలు తీసే పని ఎన్నేళ్లు చేసినావక్కా నువ్వు? ఐసులో చెయ్యి, పొద్దస్తమానం ఒకే గిల్లుడు, ఒకే తిప్పుడు. నువ్వు బండి ఎక్కిందీ లేదు, హ్యాండిల్ పట్టిందీ లేదు. ఇన్నాళ్లూ వయసని ఊరుకున్నావా? మీ ఇంట్లో ముందు చూపించుకోవాల్సింది నీ చెయ్యే. వాడు బుల్లెట్టు అడగబట్టి మాటొచ్చింది గానీ, లేకపోతే నువ్వు చెప్పేదానివా?

మా చెల్లెలు ఈ ఆదివారం వస్తుంది. నువ్వూ బావా పొద్దున్నే రండి, అన్నానికి కూర్చోకముందే చూపించేస్తాం, కూర్చున్నదంటే అది పెన్ను తీస్తుంది. చిన్నోణ్ని మాత్రం ఈ రాత్రికే బండి తీసుకుని షెడ్డుకు పొమ్మను. క్లచ్ కేబుల్ కొత్తది కొనుక్కునే పొమ్మను, కంపెనీదే తీసుకోమను. మా ఆయన దగ్గర మొన్నటి నుంచి స్టాకు లేదు.