కారుకు మగ్గం పుట్టిల్లు

ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే పోచంపల్లి మగ్గాల దారి. వెనక్కి తిరిగితే దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలు. నడుమ బారులు తీరిన సుజుకీ కార్లు. ఈ మూడింటికీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

1909లో జపానులోని హమామత్సులో మిచియో సుజుకి పెట్టింది మగ్గాల కార్ఖానాయే! ఆ కంపెనీ మొదటి కారు 1955లో వచ్చింది. 1983 డిసెంబరు 14న ‘మారుతీ 800’గా మన గడప తొక్కింది.

అంతకుముందు అంబాసిడర్ స్టీరింగు తిప్పాలంటే భుజబలం కావాలి. “ఆడవాళ్ళ వల్ల కాదు” అనేవారు. ఈ బుల్లి కారేమో పెట్రోలు తక్కువ తాగేది, ఇరుకు సందులో ఇట్టే తిరిగేది. ఇక ఏ వంక చెబుతారు, పాపం! 2014లో దాని తయారీ ఆగినా, అది ఇచ్చిన ధీమా ఆగలేదు. కారు ఎవరి పేరనున్నా, తాళంచెవి ఒకటి మన కొంగుముడిలోనూ ఉండాలి కదండీ!