చీకటి గది తాతగారు

మా మేనల్లుడు ఫిల్ము రోలు ఫొటోగ్రఫీ మీద పాడ్‌కాస్టు పెడుతున్నాడు. "మావయ్యా! ఇంటర్వ్యూకి పేర్లు చెప్పు" అన్నాడు. నోటికొచ్చిన మొదటి పేరు మార్కస్ బార్ట్‌లీ. 'మాయాబజార్' (1957)లో వెన్నెల కురిపించిన మహానుభావుడు! ఏం లాభం? 1993లోనే వెళ్ళిపోయారాయన.

సరే, తెర వెనకవాళ్ళని పిలవమన్నాను. టికెట్టు దొరక్కపోయినా హాలు దగ్గర అద్దాల బోర్డులో స్టిల్సు చూసి సగం సినిమా చూసినంత సంబరపడేవాళ్ళం మేము. అవి తీసినవాళ్ళేరీ? 120 రోలుకి చదరపు బొమ్మలు పన్నెండే! హీరోగారికి విసుగొచ్చేలోపు క్లిక్కుమనిపించాలి. అన్నట్టు, 'ఇందు' రోళ్ళు చేసిన ఊటీ ఫ్యాక్టరీ 1960లో పెట్టారు, తర్వాత మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్ళు ఒక్కరు దొరికినా పండగే.

ఆఖర్న మా వీధి స్టూడియో తాతగారి పేరు చెప్పాను. నెగెటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమలు మాయం చేసేవారు. ఎనభై దాటాయి. చెయ్యి వణుకుతోంది, మాట మాత్రం ఖణేల్!

"ఆయనెవరికి తెలుసు మావయ్యా? పదో ఎపిసోడులో చూద్దాం" అన్నాడు మావాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్! మీ అమ్మ ఫొటోకి మెరుగులు దిద్దింది ఆయనే. అది చూసే మీ నాన్న పెళ్ళిచూపులకొచ్చాడు. మొదటిది ఆయనదే. పదోదాకా ఆయన ఆగుతారని రాసిస్తావా?" అన్నాను. నోరు మూసుకున్నాడు.

ఈ ఆదివారం వెళ్తున్నాం. "ఏ చొక్కా వేసుకోమంటావు నాయనా?" అని అప్పుడే అడిగారు తాతగారు. పాడ్‌కాస్టులో బొమ్మ కనపడదని ఇంకా చెప్పలేదు.