చిట్టికి తెలియనిది



గత నెల ఎనిమిదో తరగతిలో ‘మై బెస్ట్ ఫ్రెండ్’ మీద ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయమన్నాను. కొల్లేరు వైపు నుంచి ఏలూరుకి బస్సులో వచ్చే ఒక బాబు, ఫోన్‌లోని ఏఐ గురించి రాశాడు. నేను నవ్వి, ‘అది మనిషి కాదు కదా నాన్నా’ అన్నాను. ‘ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు మేడమ్’ అన్నాడు. పట్టుబడి రోజుల్లో వాళ్ల నాన్నగారు రాత్రంతా చేపల చెరువు దగ్గరే ఉంటారట. నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

2010లో ‘రోబో’ సినిమా వచ్చినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఏడో తరగతి చదువుతున్నాను. అప్పుడు మాకు నచ్చింది వందల చిట్టీలు కలిసి చేసిన యుద్ధం. ఈమధ్య మళ్లీ చూస్తే వేరే సన్నివేశం మనసులో ఉండిపోయింది. మంటల్లో చిక్కుకున్న అమ్మాయిని స్నానాల గదిలోంచి ఉన్నపళంగా ఎత్తుకుని, చిట్టి అందరి ముందుకూ తెస్తుంది. ఆ అమ్మాయి సిగ్గుతో పరిగెత్తి, వాహనం కింద పడి చనిపోతుంది. కాపాడమంటే చిట్టి కాపాడింది. సిగ్గంటే ఏమిటో దానికి తెలియదు.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో యంత్రం స్నేహితురాలైంది. కీర్తి సురేశ్ గొంతుతో బుజ్జి అనే వాహనం భైరవతో మాట్లాడుతుంది, పోట్లాడుతుంది, ఆటపట్టిస్తుంది. బుజ్జి కనీసం ఎదురు చెబుతుంది. ఫోన్‌లోని ఏఐ మాత్రం చాలాసార్లు మనం అన్నదానికల్లా ‘బాగుంది’ అంటుంది. పిల్లలకి అదే హాయిగా ఉంటుంది. నా భయం కూడా అక్కడే. తప్పు చేస్తే ‘తప్పు’ అని చెప్పేవాళ్లు, ముఖం చూసి కనిపెట్టేవాళ్లు వాళ్లకి కావాలి.

ఆ బాబు పేజీ బాగుంది, మార్కులు పూర్తిగా వేశాను. కింద ఒక ప్రశ్న రాశాను: ‘నీకు ఒంట్లో బాగోకపోతే నీ ఫ్రెండ్‌కి ఎలా తెలుస్తుంది?’ మర్నాడు వచ్చి చెప్పాడు: ‘నేను టైప్ చేస్తేనే తెలుస్తుంది మేడమ్. అమ్మకైతే చెప్పకుండానే తెలిసిపోతుంది.’

ఫోన్ లాక్కోమని నేను చెప్పడం లేదు. పాఠంలో డౌట్ వస్తే ఏఐని అడగనివ్వండి. కానీ మీరు చెరువు గట్టు మీదున్నా, షాపులో ఉన్నా, పిల్లలు పడుకునే ముందు పది నిమిషాలు ఫోన్ చేసి మాట్లాడండి. మార్కుల సంగతి ఆ పది నిమిషాల్లో వద్దు. వీలైతే ఒక ఆదివారం ‘రోబో’ కలిసి చూసి, ‘ఆ అమ్మాయి విషయంలో చిట్టి ఏం చేసి ఉండాల్సింది?’ అని అడగండి. వాళ్లు చెప్పే జవాబు విసుక్కోకుండా చివరిదాకా వినండి.