కట్ట కింద పేటలు... కళ్లలో మెరుపులు!

హైదరాబాద్ వచ్చిన చుట్టాలందరూ ట్యాంక్ బండ్ చూస్తారు. విగ్రహాల దగ్గర ఫోటోలు దిగి, సాగర్ మధ్యలోని బుద్ధుడికి దణ్ణం పెట్టుకుని, బజ్జీలు తిని వెళ్లిపోతారు. కట్ట దిగువన ఉన్న పేటల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈసారి మీరు వస్తే కిందికి కూడా దిగండి. లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు మీద కట్టమైసమ్మ తల్లికి మొక్కుకుని, ఇందిరా పార్కు చెట్ల నీడన కాసేపు నడిచి, దోమలగూడ రామకృష్ణ మఠంలో ఓ పది నిమిషాలు కూర్చుని, అశోక్ నగర్ మీదుగా చిక్కడపల్లి, నారాయణగూడ దాకా వెళ్లొద్దాం. దారిలో మీ కళ్ల గురించి ఓ నాలుగు మాటలు చెప్పుకుందాం. కళ్లకీ ఈ పేటలకీ ఏం సంబంధం అంటారా? ఉంది, వినండి.

కట్ట మీద ఆకాశం

ముందు కట్ట మీదే నిలబడదాం. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన కట్ట ఇది. ఊరి నడిబొడ్డున ఇంత విశాలమైన ఆకాశం ఇంకెక్కడా కనిపించదు. పొద్దుటి తెల్లటి వెలుగులో నీళ్ల వైపు చూడండి. కొందరికి కళ్ల ముందు చిన్న నల్లచుక్క, వంకర వెంట్రుక, సాలెగూడు పోగు లాంటివి తేలుతూ కనిపిస్తాయి. చూపు అటు తిప్పితే అవీ అటే వస్తాయి. పట్టుకుందామంటే జారిపోతాయి. ఇంట్లో అయితే కొత్తగా సున్నం వేసిన గోడ మీదో, చేటలో బియ్యం ఏరుతున్నప్పుడో కనిపిస్తాయి. దోమేమో అని చేత్తో తోలేస్తాం కూడా! డాక్టర్లు వీటిని ఫ్లోటర్స్ అంటారు.

ఏళ్ల తరబడి ఒకటి రెండు చుక్కలు అలాగే ఉంటే కంగారు పడనక్కర్లేదు. చాలామందికి ఉంటాయి. కానీ నిన్నటిదాకా లేనివి ఇవాళ హఠాత్తుగా వచ్చినా, ఉన్నవి ఒక్కసారిగా ఎక్కువైనా, మసి చల్లినట్లు బోలెడు చుక్కలు పడినా... అది వేరే సంగతి.

సినిమా హాలు చీకట్లో

ఇక ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి రండి. సంధ్య, సుదర్శన్, దేవి... సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి ఈ పేర్లు చెప్పాలా? హాల్లో లైట్లార్పేశారు. తెర మీద ఏమీ లేదు. కానీ మీ కంటి పక్క మూల నుంచి ఎవరో కెమెరా ఫ్లాష్ కొట్టినట్లు తళుక్కుమంది. తల తిప్పితే ఎవరూ లేరు. ఇంట్లో అయితే రాత్రి నీళ్ల కోసం లేచినప్పుడు, చీకటి వంటింట్లో ఇలాగే మెరుస్తుంది. ఉరుమొస్తుందేమో అని కిటికీలోంచి చూస్తాం. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఆ మెరుపు బయటిది కాదండీ, కంటి లోపలిది!

ఎందుకిలా అంటే వంటింటి ఉదాహరణే చెబుతాను. గిన్నెలో గడ్డగా తోడుకున్న పెరుగు ఉంది. రెండు రోజులు ఉంచితే ఏమవుతుంది? పక్కల నీరు విడుస్తుంది, గడ్డ గిన్నె అంచు వదిలేస్తుంది. మన కంటి లోపల కూడా జెల్లీలాంటి పదార్థం నిండి ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. అందులో తొంభై ఎనిమిది వంతులు నీరే. వయసు మీదపడేకొద్దీ అదీ నీరు విడిచి, వెనకనున్న రెటీనా నుంచి వదులవుతుంది. రెటీనా అంటే మనం చూసే బొమ్మ పడే తెర. జెల్లీ వదిలేటప్పుడు ఆ తెరను లాగుతుంది. రెటీనాకి నొప్పి తెలియదు, వెలుగు ఒక్కటే తెలుసు. అందుకే ఆ లాగుడు మెరుపులా కనిపిస్తుంది. జెల్లీలో చిక్కుపడిన పోగుల నీడలే ఆ నల్లచుక్కలు.

చాలామందిలో జెల్లీ హాయిగా వదిలేస్తుంది, కథ కంచికి వెళుతుంది. కానీ కొందరిలో గట్టిగా అంటుకున్న చోట తెర చిరుగుతుంది. కొత్తగా ఈ లక్షణాలతో డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లలో సుమారు ఏడుగురిలో ఒకరికి చిరుగు కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి దిగితే తెర గోడ నుంచి ఊడిపోతుంది. అప్పుడు ఒక పక్క నుంచి నల్లటి తెర దించినట్లు చూపు మూసుకుపోతుంది. మధ్యభాగం కూడా ఊడితే, ఆపరేషన్ చేసినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు.

కొత్త చీరలో గోరంత చిరుగు చూసి ఆ పూటే కుట్టేసుకుంటాం కదా! ఇదీ అంతే. చిరుగుగా ఉన్నప్పుడే పట్టుకుంటే లేజర్‌తో చుట్టూ అతుకు వేసేస్తారు. సాధారణంగా కొద్ది నిమిషాల పని, ఆ రోజే ఇంటికి రావచ్చు. నూరేళ్ల క్రితం దాకా రెటీనా ఊడితే చూపు పోయినట్లే అనుకునేవారు. చిరుగు మూస్తే తెర మళ్లీ అంటుకుంటుందని 1920లలో స్విట్జర్లాండ్‌కి చెందిన జూల్ గోనిన్ అనే డాక్టర్ నిరూపించాకే ఆ కంటికి దారి దొరికింది.

అశోక్ నగర్ పిల్లల సంగతి

అశోక్ నగర్ సందుల్లోకి వద్దాం. ప్రతి గోడ మీదా గ్రూప్స్ కోచింగ్ బోర్డులే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఎప్పుడూ కిటకిటే. జిల్లాల నుంచి వచ్చి, చిన్న గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, పుస్తకాల్లో తల దూర్చిన పిల్లలు. వాళ్లలో మందం అద్దాలవాళ్లు ఎంతమందో చూడండి.

ఆ పిల్లల తల్లులూ, ఇది మీకే చెబుతున్నాను. ఈ జబ్బు యాభై దాటినవాళ్లకే అనుకోకండి. మైనస్ పవరు ఎక్కువ ఉన్నవాళ్ల కన్ను కాస్త పొడుగ్గా సాగి ఉంటుంది, రెటీనా పలచబడుతుంది. చిన్న వయసులోనే చిరుగు పడొచ్చు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు "తిన్నావా నాన్నా" అన్నాక ఇది కూడా అడగండి: "కళ్లలో మెరుపులేమైనా వస్తున్నాయా?" అని. పరీక్ష అయ్యాక చూపిస్తానంటే ఒప్పుకోకండి.

శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిన చరిత్ర ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకి కంట్లో నెత్తురు దిగి కూడా ఒక్కసారిగా చుక్కలు పడతాయి. వాళ్లూ ఆలస్యం చేయకూడదు. మరో మాట. రెండు కళ్లలోనూ రంపం పళ్లలా వెలుగు గీతలు మెరిసి, ఇరవై ముప్పై నిమిషాల్లో తగ్గి, తర్వాత తలనొప్పి వస్తే అది మైగ్రేన్ కావచ్చు. అయినా మొదటిసారి వస్తే మీరే తేల్చుకోకండి, డాక్టర్ని తేల్చనివ్వండి.

కళ్లజోడు కొట్టు చాలదు

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, నారాయణగూడ చౌరస్తాలో కళ్లజోళ్ల కొట్లకి కొదవ లేదు. కంప్యూటర్ మీద పవరు చూసి "మీ చూపు బాగానే ఉందమ్మా" అంటారు. నిజమే, పవరు బాగానే ఉండొచ్చు. కానీ చిరుగు పడేది రెటీనా అంచుల్లో. ఆ అంచులు పవరు పరీక్షలో కనిపించవు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలూ, తేనె, ఆముదం, చనుబాలు... ఇవేవీ లోపలి తెర దాకా వెళ్లవు, చిరుగుని కుట్టవు.

మీకు కావలసింది పాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూసే పరీక్ష. చుక్కలు వేశాక అరగంట కూర్చోబెడతారు. తర్వాత డాక్టరు తలకి లైటు కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, పైకి, కిందికి, పక్కలకి చూడమంటూ రెటీనా అంచు దాకా వెతుకుతారు. ఒక్కోసారి రెప్ప మీద మెల్లగా నొక్కి చూస్తారు. లైటు చురుక్కుమంటుంది, అంతకుమించి భయం లేదు. లోపల నెత్తురు అడ్డుగా ఉంటే స్కానింగ్ చేస్తారు. "రెటీనా డాక్టర్ ఉన్నారా?" అని చీటీ రాయించుకునే దగ్గరే అడగండి. "కొత్తగా మెరుపులు, చుక్కలు వచ్చాయి, ఫలానా రోజు మొదలయ్యాయి" అని స్పష్టంగా చెప్పండి. ఉత్తినే "కళ్లు మసకండీ" అంటే వరసలో చివరికి పోతారు.

ఎటు వెళ్లాలి?

2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లి, నారాయణగూడలకి మెట్రో వచ్చాక పని తేలికైంది. చిక్కడపల్లిలో ముషీరాబాద్ వైపు ఎక్కితే మూడో స్టేషనే గాంధీ హాస్పిటల్. అక్కడ కంటి విభాగం ఉంది. ఎం.జి.బి.ఎస్. వైపు ఎక్కి, అక్కడ మియాపూర్ రైలు మారి, లక్డీకాపూల్‌లో దిగితే మాసాబ్ ట్యాంక్ మీదుగా మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఆటోలు, బస్సులు ఉంటాయి. అది సర్కారు ఆసుపత్రి. అదే రైల్లో ముందుకెళ్లి పంజాగుట్టలో దిగితే బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఆటోలో వెళ్లొచ్చు. 'మిస్సమ్మ' తీసిన ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబం చేయూతతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన సంస్థ అది. డబ్బు కట్టలేనివాళ్లకీ అక్కడ వైద్యం చేస్తారు. వినాయక నిమజ్జనం రోజుల్లో అయితే కట్ట చుట్టుపక్కల వాహనాలు కదలవు. అప్పుడు మెట్రోయే శరణ్యం.

ఇంట్లో తోడు ఎవరూ లేరని ఆగకండి. పక్కింటావిణ్ణి అడగండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా, ఎండ భరించలేనట్లు ఉంటుంది. స్కూటరు మీద వెళ్లొద్దు. చలువ కళ్లద్దాలు, పాత కళ్లజోడు, వాడే మందుల చీటీ పట్టుకెళ్లండి. కంటి నీటికాసులు ఉన్నాయని ఎవరైనా ఎప్పుడైనా చెప్పి ఉంటే, చుక్కలు వేయకముందే ఆ మాట చెప్పండి.

రెండోసారి కూడా!

అంతా చూసి డాక్టరు "చిరుగేమీ లేదమ్మా" అంటే హాయిగా ఊపిరి పీల్చుకోండి. కానీ ఆ చీటీ పోపుల డబ్బాలో దాచి మరిచిపోకండి. జెల్లీ ఇంకా వదులుతూ ఉండొచ్చు. మొదటిసారి ఏమీ లేకపోయినా, తర్వాతి వారాల్లో చిరుగు పడేవాళ్లు కొందరు ఉంటారు. అందుకే నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ రమ్మంటారు. తప్పకుండా వెళ్లండి. ఈలోగా రోజూ పొద్దున్నే ఒక కన్ను మూసి ఒక కంటితో ఎదురుగా క్యాలెండరు చూడండి. తర్వాత రెండో కంటితో. నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా? రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒక కంటి లోటుని రెండోది కప్పేస్తుంది, మనకి తెలియనే తెలియదు. చుక్కలు పెరిగినా, మెరుపులు ఎక్కువైనా, పక్క నుంచి నీడ దిగినా ఆ క్షణమే బయల్దేరండి. రాత్రయితే తెల్లవారనివ్వకుండా పెద్దాసుపత్రికి ఫోన్ చేసి అడగండి.

మనకో అలవాటుంది. పిల్లాడికి జలుబు చేస్తే అర్ధరాత్రి అయినా పరిగెడతాం. ఆయనగారికి నీరసం అంటే సెలవు పెట్టిస్తాం. మన దాకా వచ్చేసరికి "పండగ కానీ", "అత్తయ్య వెళ్లనీ", "ఆవకాయ పెట్టేశాక చూద్దాం" అంటాం. నొప్పి లేదు కదా, చూపు ఉంది కదా అని సర్దుకుంటాం. ఈ జబ్బు నొప్పి పెట్టదు, అదే దానితో చిక్కు. కొత్త మెరుపులు కనిపించిన రోజున పొయ్యి కట్టేసి, తాళం వేసి, బయల్దేరండి. కూర ఒక పూట లేకపోతే పచ్చడితో తింటారు లెండి!